నోరా జోన్స్ ‘కమ్ అవే విత్ మీ’: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు పాటలు పెద్దగా వినని స్నేహితులకి ఈ ఆల్బమ్ ఇస్తే తిరిగి ప్రశ్నలు వస్తాయి. విన్నవాళ్ల నుంచి ఇంకా ఎక్కువ వస్తాయి. ఎక్కువమంది అడిగేవి ఇక్కడ ఒకచోట పెట్టాను. జవాబుల్లో నా ఇష్టాయిష్టాలు కలిసే ఉంటాయి, వాటిని పక్కన పెట్టి రాయడం నాకు చేతకాదు.

అసలు ఏమిటీ ఆల్బమ్?

అమెరికన్ గాయని, పియానిస్టు నోరా జోన్స్ మొదటి ఆల్బమ్. బ్లూ నోట్ కంపెనీ 2002 ఫిబ్రవరి 26న విడుదల చేసింది. అప్పటికి ఆవిడకి ఇరవై మూడేళ్లు కూడా నిండలేదు. మొత్తం పద్నాలుగు పాటలు, అన్నీ కలిపి ముప్పావు గంట. పియానో, గిటార్, నిలువు బేస్ (నిలబెట్టి వాయించే, మంద్రంగా మోగే పెద్ద తీగవాద్యం), మెత్తగా మోగే డ్రమ్స్, వాటి మధ్య ఒక గొంతు. అక్కడక్కడా ఆర్గన్, అకార్డియన్, వయొలిన్ వచ్చి పోతుంటాయి. హంగూ ఆర్భాటం ఏమీ లేదు.

సితార్ విద్వాంసుడు రవిశంకర్ కూతురట కదా. మరి సితార్ ఉందా?

కూతురే. సితార్ మాత్రం లేదు, ఎక్కడా ఒక్క తీగ కూడా మోగదు. పుట్టినప్పుడు పెట్టిన పేరు గీతాలి నోరా జోన్స్ శంకర్. 1979 మార్చి 30న న్యూయార్క్‌లో పుట్టింది. అమ్మ స్యూ జోన్స్ కచేరీలు నిర్వహించేది. అమ్మానాన్నలు విడిపోయాక నోరా అమ్మతో టెక్సస్ రాష్ట్రంలోని గ్రేప్‌వైన్ అనే ఊళ్లో పెరిగింది. పదహారేళ్లప్పుడు పేరుని అధికారికంగా నోరా జోన్స్‌గా మార్చుకుంది. కాబట్టి ఈ గొంతులో హిందుస్తానీ వెతికితే దొరకదు. ఆవిడ చెవుల్లో నిండింది అమ్మ దగ్గరున్న రికార్డులు, టెక్సస్ కంట్రీ పాటలు, చర్చి కోరస్, ఆ తర్వాత జాజ్. డల్లాస్‌లో కళల కోసమే పెట్టిన బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూల్లో చదివింది. యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్‌లో జాజ్ పియానో చదువుతూ మధ్యలో వదిలేసి, 1999లో న్యూయార్క్ వెళ్లిపోయింది.

ఆల్బమ్ వచ్చిన కొత్తలో మన పత్రికలు ‘రవిశంకర్ కుమార్తె’ అనే హెడ్డింగే పెట్టేవి. రక్తంలో సంగీతం ఉందని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆవిడ రాత్రిళ్లు రెస్టారెంట్లలో పాడి నేర్చుకున్నదంతా లెక్కలోంచి పోతుంది. తండ్రి పేరు వాడుకుని పైకొద్దామని ఆవిడ అనుకోలేదు కూడా. రవిశంకర్ ఇంకో కూతురు, సితార్ వాయించే అనౌష్క శంకర్ ఆవిడకి సవతి చెల్లెలు. వాళ్లిద్దరూ కలిసి పాటలు చేసింది చాలా ఏళ్ల తర్వాత, 2013లో అనౌష్క ఆల్బమ్ కోసం.

ఇది జాజా, బ్లూసా, కంట్రీనా, పాపా?

ఈ ప్రశ్న మీద గొడవపడ్డవాళ్లు చాలామంది. బ్లూ నోట్ అంటే 1939లో పెట్టిన కంపెనీ. థెలోనియస్ మాంక్, ఆర్ట్ బ్లేకీ, హొరేస్ సిల్వర్ లాంటి ఉద్దండుల రికార్డులు తెచ్చిన గడప. అలాంటి గడపలోంచి ఇంత సులువుగా వినిపించే పాటలు వచ్చేసరికి జాజ్ పెద్దలు కొందరు మొహం చిట్లించారు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. జాజ్‌కి ప్రాణం అప్పటికప్పుడు కల్పించి వాయించే మనోధర్మం. ఇక్కడ ఏ వాద్యానికీ నిండుగా ఒక ఆవృత్తం కూడా వదలని పాటలే ఎక్కువ.

నా లెక్కలో ఇది పాటల ఆల్బమ్. కట్టడం జాజ్ వాళ్లది, కథ కంట్రీ వాళ్లది, గొంతులో జీర బ్లూస్ వాళ్లది. అమెరికా సంగీత అవార్డులైన గ్రామీలు ఇచ్చేవాళ్లు మాత్రం పాప్ విభాగంలో అవార్డు ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

బ్లూస్ అని అంటున్నారు, అది ఎక్కడ వినపడుతుంది?

బ్లూస్ అమెరికా దక్షిణాది నల్లజాతి వారి పాట. దాని మామూలు చట్రం పన్నెండు బార్లు (తాళం ఆవర్తాల లాంటివి), మూడు కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుత్తులు). ఒక మాట చెప్పి, అదే మాట మళ్లీ చెప్పి, మూడో వరసలో జవాబు చెప్పడం దాని తీరు. ఆ చట్రంలో కచ్చితంగా కూర్చున్న పాట ఈ ఆల్బమ్‌లో లేదు. బ్లూస్ ఇక్కడ గొంతులో ఉంది, వేళ్లలో ఉంది.

కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. బ్లూస్ పాడేవాళ్లు గాంధారం దగ్గర ఒక చోట నిలబడరు. సాధారణ గాంధారంలో మొదలుపెట్టి అంతర గాంధారం వైపు జారతారు, చాలాసార్లు రెండిటి మధ్యలోనే ఆగిపోతారు. నిషాదం దగ్గర కూడా అంతే. గొంతుకి, గిటార్ తీగకి ఆ జారుడు సాధ్యమే. పియానోకి ఆ వీలు లేదు, మెట్టు నొక్కితే ఆ స్వరమే మోగుతుంది. అందుకని పియానో వాయించేవాళ్లు ఒక కిటుకు చేస్తారు. సాధారణ గాంధారం మెట్టుని రెప్పపాటు తాకి, వెంటనే పక్కనున్న అంతర గాంధారం మీదకి వేలు జార్చేస్తారు. చెవికి అది గమకంలాగే వినిపిస్తుంది. ‘టర్న్ మీ ఆన్’ పెట్టుకుని, ఆవిడ ఒక వాక్యం పాడి ఆగినప్పుడల్లా పియానో ఏం చేస్తోందో వినండి. ఈ కిటుకు ఒకసారి పట్టుకున్నాక ఆల్బమ్ అంతా అదే వినపడుతుంది.

‘డోంట్ నో వై’లో అంత గొప్పేముంది? మామూలు పాటలాగే ఉంది కదా.

మామూలు పాటలాగే ఉండటమే అందులో పనితనం. లోపల ఏం జరుగుతోందో చూద్దాం.

పాట బీ ఫ్లాట్ శ్రుతిలో ఉంది. దాన్నే షడ్జమం అనుకోండి. పల్లవి కింద కార్డులు మారుతూ పోతుంటాయి, మనకి వినపడేది పైనున్న ట్యూను. కానీ ఆ కార్డుల పొట్టలో ఒక స్వరం, కార్డు మారినప్పుడల్లా అర మెట్టు చొప్పున దిగుతూ వస్తుంది. మొదటి కార్డులో కాకలి నిషాదం. రెండోదానిలో కైశికి నిషాదం. తర్వాత చతుశ్రుతి ధైవతం, ఆ తర్వాత శుద్ధ ధైవతం, పంచమం, ప్రతి మధ్యమం, శుద్ధ మధ్యమం, చివరికి ఇంటికి చేరుకున్నప్పుడు అంతర గాంధారం. ఎనిమిది స్వరాలు, ఒక్కటి కూడా దాటేయకుండా.

పైన గొంతు తాపీగా, ఏమీ పట్టనట్టు పాడుతుంటుంది. వెళ్తానని చెప్పి వెళ్లకుండా ఉండిపోయిన మనిషి గురించిన పాట అది. ఎందుకు వెళ్లలేదో తనకే తెలియదు. పైకి నిబ్బరంగా మాట్లాడుతుంటే, లోపల ఏదో జారిపోతూనే ఉంటుంది. ఈ పాట రాసిన జెస్సీ హారిస్ కావాలని అలా కట్టాడో, గిటార్ మీద వేళ్లు అలా పడ్డాయో గానీ, భావమూ బాణీ ఇంతగా అతికిన పాటలు తరచుగా రావు. అది తెలియకపోయినా పాట బాగుంటుంది. తెలిశాక ఇంకోసారి వినాలనిపిస్తుంది, అంతే తేడా.

పాట నిడివి మూడు నిమిషాల ఆరు సెకన్లు.

పాటలన్నీ ఆవిడే రాసిందా?

లేదు. ఇది చాలామందికి ఆశ్చర్యం. ఒంటరిగా రాసినవి రెండే: ‘కమ్ అవే విత్ మీ’, ‘నైటింగేల్’. ‘ద లాంగ్ డే ఈజ్ ఓవర్’ జెస్సీ హారిస్‌తో కలిసి రాసింది. హారిస్ సొంతంగా రాసినవి నాలుగు. బేస్ వాయించిన లీ అలెగ్జాండర్ మూడు రాశాడు, ఇంకొకటి జె.సి. హాప్‌కిన్స్‌తో కలిసి రాశాడు. మిగతా మూడూ పాత పాటలు: హాంక్ విలియమ్స్ 1951లో పాడిన ‘కోల్డ్, కోల్డ్ హార్ట్’, జాన్ డి. లౌడర్‌మిల్క్ రాయగా అంతకుముందే నీనా సిమోన్ పాడిన ‘టర్న్ మీ ఆన్’, హోగీ కార్మైకేల్ బాణీకి నెడ్ వాషింగ్టన్ మాటలు కట్టిన ‘ద నియర్‌నెస్ ఆఫ్ యూ’.

అయితే సింగర్-సాంగ్‌రైటర్ అనొచ్చా? అనొచ్చనే నా అభిప్రాయం. ఆల్బమ్‌కి పేరిచ్చిన పాటే ఆవిడది. పైగా ఇది ఒక స్నేహబృందం ఆల్బమ్. హారిస్ ఆవిడకి టెక్సస్‌లో చదువుకునే రోజుల్లో పరిచయం. డాన్ రీజర్ డ్రమ్స్, ఆడమ్ లెవీ గిటార్. న్యూయార్క్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్‌లో ‘ద లివింగ్ రూమ్’ అనే చిన్న వేదిక మీద పాడుతూ, ఒకరి పాటలు ఒకరు పంచుకుంటూ వచ్చినవాళ్లు. పాటలు ఎవరివో తెలియకుండా వింటే పద్నాలుగూ ఒకే మనిషి మనసులోంచి వచ్చినట్టే ఉంటాయి. యాభై ఏళ్ల నాటి హాంక్ విలియమ్స్ పాట కూడా వాటిలో కలిసిపోయింది. ఎంపిక కూడా ఒక రకమైన రచనే కదా.

డెమోనే, అంటే నమూనాగా చేసిన రికార్డింగునే, ఆల్బమ్‌లో పెట్టేశారని విన్నాను. నిజమేనా?

‘డోంట్ నో వై’ విషయంలో దాదాపు నిజం. బ్లూ నోట్ అధిపతి బ్రూస్ లండ్‌వాల్‌కి ఆవిడ గొంతు నచ్చి ఒప్పందం కుదిరాక, న్యూయార్క్‌లోని సోర్సరర్ సౌండ్ స్టూడియోలో ఇంజనీర్ జే న్యూలండ్ దగ్గర డెమోలు చేశారు. తర్వాత అసలు ఆల్బమ్ కోసం క్రెయిగ్ స్ట్రీట్ అనే నిర్మాతని పెట్టారు. జాజ్ గాయని కసాండ్రా విల్సన్‌తో ఆయన చేసిన పనికి నోరా అభిమాని. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన షోకన్ అనే ఊరి దగ్గర కొండల్లో ఉన్న అలైర్ స్టూడియోలో రికార్డింగ్. బిల్ ఫ్రిసెల్ గిటార్, బ్రయాన్ బ్లేడ్ డ్రమ్స్. పేర్లు చూస్తేనే జాజ్ అభిమానికి నోరూరుతుంది.

తీరా వింటే కంపెనీకి నచ్చలేదు. గిటార్లు ఎక్కువయ్యాయి, పియానో దగ్గర కూర్చున్న అమ్మాయి వెనక్కి పోయింది, డెమోలో ఉన్న తేటదనం పోయింది. మొదటి ఆల్బమ్ పెట్టుకుని ఇలా కొట్టేస్తే ఏ కొత్త గాయనికైనా టెన్షన్ కాదా మరి. అప్పుడు ఆరిఫ్ మార్డిన్‌ని పిలిచారు. చాలా పాటలు మళ్లీ రికార్డు చేశారు, అలైర్‌లో చేసిన కొన్నిటిని ఉంచుకున్నారు. ‘డోంట్ నో వై’ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చేయాల్సిన అవసరమే కనపడలేదు. డెమో టేకే నిలబడిపోయింది.

ఆరిఫ్ మార్డిన్ ఎవరు?

ఇస్తాంబుల్‌లో 1932లో పుట్టి, బోస్టన్‌లోని బర్క్లీలో చదువుకుని, అట్లాంటిక్ రికార్డ్స్‌లో దశాబ్దాలు పనిచేసిన నిర్మాత. అరీథా ఫ్రాంక్లిన్, డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్, బీ గీస్ లాంటి వాళ్ల పాటల వెనక చెయ్యి ఆయనది. డెబ్భై ఏళ్లు దగ్గరపడ్డ మనిషి, అంత చరిత్ర ఉన్నవాడు, వయొలిన్ల దండు దింపి తన ముద్ర వేసేస్తాడని ఎవరైనా అనుకుంటారు. ఆయన అదేమీ చేయలేదు. బాగున్నదాన్ని ముట్టుకోకుండా వదిలేశాడు. ఈ ఆల్బమ్‌కి ఆయన చేసిన అతి పెద్ద మేలు అదేనని నా నమ్మకం. ఆయన 2006లో చనిపోయారు.

గ్రామీలు ఐదా, ఎనిమిదా?

రెండూ సరైనవే. 2003 ఫిబ్రవరి 23న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన వేడుకలో నోరా చేతికి వచ్చినవి ఐదు: ఆ ఏటి ఆల్బమ్, ఆ ఏటి రికార్డు, ఉత్తమ కొత్త కళాకారిణి, ఉత్తమ పాప్ ఆల్బమ్, ఉత్తమ మహిళా పాప్ గానం. పాట రచయితకి ఇచ్చే ‘ఆ ఏటి పాట’ అవార్డు జెస్సీ హారిస్‌కి వెళ్లింది. నిర్మాత అవార్డు మార్డిన్‌కి, ఇంజనీరింగ్ అవార్డు జే న్యూలండ్, హస్కీ హోస్కుల్డ్స్‌లకి. మొత్తం ఎనిమిది. ఆల్బమ్ విభాగంలో పోటీలో ఉన్నది బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, ఎమినెమ్, నెల్లీ, డిక్సీ చిక్స్. అదే వేడుకలో అనౌష్క కూడా నామినేట్ అయింది, ప్రపంచ సంగీతం విభాగంలో.

రాగానే హిట్టయిందా?

కాలేదు. అమెరికాలో అమ్మకాల లెక్క చెప్పే బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో 139వ స్థానంలో అడుగుపెట్టింది. ఒకరి నోట విని ఒకరు కొనుక్కుంటూ, మెల్లగా పాకుతూ, 2003 జనవరికి మొదటి స్థానానికి చేరింది. అప్పటికి ఇంకా గ్రామీలు రాలేదు! 2005లో అమెరికాలో కోటి కాపీలకి ఇచ్చే డైమండ్ గుర్తింపు వచ్చింది. ప్రపంచమంతా కలిపి 2.7 కోట్లకి పైనే అంటారు. సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికా జనానికి ఊరట కావాల్సి వచ్చిందనీ, అందుకే ఇంత ఆదరణ అనీ కొందరు విమర్శకులు రాశారు. న్యూయార్క్ సంగతి అయి ఉండొచ్చు. మిగతా దేశాల వాళ్లంతా ఎందుకు కొన్నారో దానితో తేలదు.

నాకు నిద్ర వస్తోంది. తప్పు నాదా?

మీ ఒక్కరిదే కాదు. అప్పట్లోనే ఆవిడకి ‘స్నోరా జోన్స్’ అని గురక పేరు తగిలించినవాళ్లున్నారు. హైదరాబాద్ కాఫీ షాపుల్లో, లిఫ్టుల్లో, పెళ్లి విందుల్లో వాయించి వాయించి ఈ పాటలని గోడకి వేసిన రంగులా మార్చేశాం. ఫోన్ స్పీకర్లో పెట్టుకుని పక్కన వేరే పని చేసుకుంటుంటే నిద్రే వస్తుంది. నిలువు బేస్ ఫోన్లో అసలు వినపడదు, సగం పాట అక్కడే పోతుంది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని సౌండు కొంచెం పెంచి వినండి. డ్రమ్స్ మీద కర్రలకి బదులు తీగల కుంచె తిప్పే శబ్దం వినపడుతుంది. ఆవిడ కొన్ని మాటలని తాళం కన్నా రవ్వంత వెనక వేస్తుంది. ఆలస్యమైపోతోందేమో అనిపించి, సరిగ్గా సమయానికి వచ్చి కలుస్తుంది. అది నిద్రమత్తు కాదు, లెక్క తెలిసినవాళ్లే చేయగలిగిన పని. అయినా నిద్రే వస్తే హాయిగా పడుకోండి, దానికీ పనికొచ్చే ఆల్బమే.

ఇంకో మాట ఒప్పుకోవాలి. రెండో సగంలో నడకలన్నీ ఒకేలా ఉన్న మాట నిజమే. ‘లోన్‌స్టార్’, ‘వన్ ఫ్లైట్ డౌన్’ దగ్గర నా చెవి కూడా పక్కకి పోతుంది. ఒక వేగం పాట ఉంటే బాగుండేది.

ఇంగ్లీషు మాటలు పట్టుకోలేకపోతున్నాను. పర్వాలేదా?

పర్వాలేదు. ఇందులో కష్టమైన మాటలు లేవు. వాన, రాత్రి, రైలు, కొండ, ఎదురుచూపు, వెళ్లిపోయిన మనిషి, ఇవే. ఆకాశవాణి లలిత గీతాలు విని పెరిగినవాళ్లకి ఈ తూకం తెలిసిందే: చిన్న మాటలు, తక్కువ వాద్యాలు, గొంతుకి పెద్దపీట. రెండుసార్లు మాటలు చూస్తూ వింటే మూడోసారి చూడక్కర్లేదు.

ఏ పాటతో మొదలుపెట్టాలి?

అందరూ మొదటి పాటతోనే మొదలుపెడతారు, అది అక్కడ ఉన్నదే అందుకు. నన్నడిగితే చివరిదానితో మొదలుపెట్టమంటాను. ‘ద నియర్‌నెస్ ఆఫ్ యూ’లో ఆవిడ గొంతు, ఆవిడ పియానో తప్ప ఇంకేమీ లేదు. ఎక్కడా దాక్కోవడానికి చోటు లేని పాట. అది నచ్చితే అంతా నచ్చుతుంది.

తర్వాత ‘కమ్ అవే విత్ మీ’. తిశ్ర నడక, రెండు కార్డుల మధ్య ఊగుతూ మొదలవుతుంది. ఆ తర్వాత ‘కోల్డ్, కోల్డ్ హార్ట్’. వీలైతే హాంక్ విలియమ్స్ పాడినదీ పక్కన పెట్టుకోండి. ఆయనది ఎదుటి మనిషి మీద ఫిర్యాదు, ముక్కుసూటిగా ఉంటుంది. ఈవిడ అదే మాటలని కోపం చల్లారాక, తనలో తాను అనుకుంటున్నట్టు పాడుతుంది. కొంచెం చీకటి కావాలంటే ‘ఐవ్ గాట్ టు సీ యూ అగైన్’, అందులో వయొలిన్ ఉంది. ప్యారిస్ వీధి వాసన కావాలంటే అకార్డియన్ ఉన్న ‘పెయింటర్ సాంగ్’.

పియానో నేర్చుకుంటున్న పిల్లలు వీటిని వాయించగలరా?

టైటిల్ పాట ఏడాది నేర్చుకున్నవాళ్లకి అందుతుంది. ‘డోంట్ నో వై’కి సెవెంత్ కార్డులు (నాలుగు స్వరాల కార్డులు) రావాలి. స్వరాలు పట్టుకోవడం కష్టం కాదు, తొందరపడకుండా వాయించడమే కష్టం. తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టి చూడండి, రెండో వరసకే పరిగెత్తేస్తారు. పాడే పిల్లలకి కూడా ఇదే మాట. పోటీల్లో గొంతు చించుకుని అరిచి మార్కులు కొట్టే అలవాటున్నవాళ్లకి ఈ పాటలు మంచి మందు.

2022లో వచ్చిన పెద్ద ఎడిషన్ కొనాలా?

ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా వచ్చిన ఆ ఎడిషన్‌లో నలభై నాలుగు ట్రాకులున్నాయి. పక్కన పెట్టేసిన అలైర్ రికార్డింగులు, కంపెనీకి ఇచ్చిన డెమోలు అందులో ఉన్నాయి. మొదటిసారి వినేవాళ్లకి అక్కర్లేదు. ఆల్బమ్ నోటికి వచ్చేసినవాళ్లు మాత్రం తప్పకుండా వినాలి. అలైర్ పాటలు నిజానికి బాగుంటాయి, ఫ్రిసెల్ గిటార్ కోసమైనా వినాలి. కానీ అక్కడ గాయని బ్యాండులో ఒకరు. విడుదలైన ఆల్బమ్‌లో బ్యాండు గాయని పక్కన కూర్చుంది. కంపెనీకీ కళాకారులకీ తగాదా వచ్చినప్పుడల్లా కళాకారులదే రైటు అని వాదించే నేను ఈ ఒక్కచోట కంపెనీ పక్షం.

మన దేశంలో పాడిందా?

2013 మార్చిలో ముంబై, ఢిల్లీ, బెంగళూరుల్లో పాడింది. హైదరాబాద్ ఆ పట్టికలో లేదు. అంతకు మూడు నెలల ముందే, 2012 డిసెంబరులో రవిశంకర్ చనిపోయారు.

ఇది అయ్యాక ఏం వినాలి?

ఇలాంటిదే ఇంకొకటి కావాలంటే 2004లో వచ్చిన ‘ఫీల్స్ లైక్ హోమ్’, దానికీ మార్డినే నిర్మాత. కంట్రీ పాలు ఇందులో ఎక్కువ. ఈ నెమ్మదితనం చాలు బాబూ అనుకుంటే 2012 నాటి ‘లిటిల్ బ్రోకెన్ హార్ట్స్’కి వెళ్లండి, మనిషి మారిపోయినట్టు ఉంటుంది. జాజ్ రుచి మరిగితే 2016 నాటి ‘డే బ్రేక్స్’, అందులో వేన్ షార్టర్ శాక్సొఫోన్ ఉంది. ఈ మూడిట్లో ఒక్కటే వినే తీరిక ఉంటే మూడోది వినండి. అందులో ఆవిడ పియానోకి ఈ మొదటి ఆల్బమ్‌లో దొరకని జాగా దొరికింది.